బిషప్ ఆక్లాండ్: జీతం లేని ఆటగాళ్ల క్లబ్బు

బిషప్ ఆక్లాండ్ ఈశాన్య ఇంగ్లండ్‌లోని డరమ్ కౌంటీలో, వేర్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్నం. డరమ్ బిషప్పుల కోట ఇక్కడే ఉండటంతో ఊరి పేరులో బిషప్ చేరాడు. 19వ శతాబ్దంలో చుట్టుపక్కలంతా బొగ్గు గనులు వెలిశాయి. 1825లో స్టాక్టన్-డార్లింగ్టన్ రైలు మార్గం మీద మొదటి ఆవిరి బండి బయల్దేరిన షిల్డన్ ఈ ఊరికి కొద్ది మైళ్ల దూరమే. గనులు, రైలు పనులు, శనివారం మధ్యాహ్నం సెలవు, కట్టుబట్టలతో వలస వచ్చిన కుర్రకారు: ఇవన్నీ ఒకచోట కలిసిన ఆ ప్రాంతంలో ఫుట్‌బాల్ త్వరగా పాతుకుపోయింది.

ఈ ఊరి క్లబ్బు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఏనాడూ ఆడలేదు. ఆ లీగ్ 1888లో పుట్టింది. నేడు ప్రీమియర్ లీగ్‌నూ దాని కింది మూడు అంచెలనూ కలిపితే 92 క్లబ్బులు లెక్క తేలతాయి. ఆ గీత కింద ఉన్న వందలాది ఊరి క్లబ్బులన్నిటినీ కలిపి ‘నాన్-లీగ్’ అంటారు. వాటిలో బిషప్ ఆక్లాండ్‌కు ఒక ప్రత్యేకత ఉంది. జీతం తీసుకోని ఆటగాళ్ల కోసం నడిచిన ఎఫ్.ఎ. అమెచ్యూర్ కప్పు ఫైనల్‌కు అది 18 సార్లు చేరి 10 సార్లు గెలిచింది. దాని తర్వాతి స్థానంలో ఉన్న క్లబ్బులు గెలిచినవి ఐదేసి కప్పులే.

క్లబ్బు పుట్టుకలో గని కార్మికులకంటే ముందు పాత్ర మతవిద్యార్థులది. 1879 నుంచి 1889 వరకు డరమ్ బిషప్‌గా ఉన్న జోసెఫ్ లైట్‌ఫుట్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పట్టభద్రులను కోటలో ఉంచి మతగురువులుగా తయారుచేసేవాడు. ఆ కుర్రాళ్లు 1880ల మొదట్లో చర్చి ఇన్‌స్టిట్యూట్ పేరుతో జట్టు కట్టారు. ఆ జట్టులో వచ్చిన తగవు వల్ల కొందరు విడిపోయి 1886లో వేరే క్లబ్బు పెట్టుకున్నారు. నేటి క్లబ్బు తన వయసును ఆ సంవత్సరం నుంచే లెక్కపెట్టుకుంటుంది. ఆక్స్‌ఫర్డ్ ముదురు నీలం, కేంబ్రిడ్జి లేత నీలం కలిసిన చొక్కాలు మాత్రం అలాగే మిగిలాయి. అందుకే ఈ జట్టును ‘టూ బ్లూస్’ అనీ, ఊరి పేరు మీదుగా ‘బిషప్స్’ అనీ పిలుస్తారు. 1889లో మొదలైన నార్తర్న్ లీగ్ స్థాపక క్లబ్బుల్లో ఇది ఆక్లాండ్ టౌన్ పేరుతో ఉంది. ఒక్క సీజన్‌కే తప్పుకొని, 1893లో ఇప్పటి పేరుతో తిరిగి చేరింది.

ఆ రోజుల్లో ఆటకు డబ్బు తీసుకోవచ్చా అన్నది ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌ను రెండుగా చీల్చిన వివాదం. 1885లో ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్.ఎ.) జీతగాళ్లను అనుమతించింది. అప్పటినుంచి పెద్ద పోటీలన్నీ వారివే కావడంతో, జీతం లేనివారికి విడిగా 1893-94లో అమెచ్యూర్ కప్పు పెట్టారు. ఖరీదైన బడుల్లో చదివిన పెద్దింటి కుర్రాళ్ల కోసమే అది అన్నట్టు మొదలైంది. తొలి విజేత కూడా ఓల్డ్ కార్థూసియన్స్ అనే పూర్వ విద్యార్థుల జట్టే. కానీ కొద్ది ఏళ్లకే కప్పు ఉత్తరాది గని ఊళ్లకు దారి పట్టింది. బిషప్ ఆక్లాండ్ 1896లో, 1900లో గెలిచింది. 1906 నుంచి నార్తర్న్ లీగ్ పూర్తిగా జీతం లేని ఆటగాళ్ల లీగ్‌గా మారాక ఈ క్లబ్బుకు తగిన నేల దొరికింది. 1914లో, మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1921, 1922లలో వరుసగా మళ్లీ కప్పు అందుకుంది.

జీతం లేదన్న మాట కాగితం మీద ఉన్నంత శుద్ధంగా మైదానంలో ఉండేది కాదు. రైలు టిక్కెట్టు, భోజనం ఖర్చు తప్ప ఇంకేదీ ఇవ్వకూడదన్నది నియమం. గనిలో షిఫ్టు మానుకొని వచ్చినవాడికి పోయిన కూలి ఇవ్వడం కూడా తప్పే. కడుపు నిండినవారు రాసుకున్న ఆ నియమం కూలివాళ్ల ఊళ్లలో నిలవడం కష్టం. మ్యాచ్ అయ్యాక బూట్లలో నాణేలు పెట్టి ఇవ్వడం నుంచి ‘బూట్ మనీ’ అనే మాట వాడుకలోకి వచ్చింది. 1928లో పక్క ఊరి క్రూక్ టౌన్ క్లబ్బు చెల్లింపుల మీద మొదలైన విచారణ డరమ్ కౌంటీ అంతా పాకి, వందలాదిమంది ఆటగాళ్ల మీద వేటు పడేదాకా వెళ్లింది. వెలుపలికి అమెచ్యూర్, లోపల కాస్తో కూస్తో ముడుపు అనే ఈ పద్ధతి ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు దేశమంతటా నడిచింది.

1935లో వింబుల్డన్‌ను రీప్లేలో ఓడించి బిషప్ ఆక్లాండ్ ఆరో కప్పు గెలిచింది. 1938-39 సీజన్‌లో నార్తర్న్ లీగ్, అమెచ్యూర్ కప్పు, డరమ్ ఛాలెంజ్ కప్పు మూడూ ఒకే ఏడాది తెచ్చుకుంది. ఆ జట్టులో బాబ్ పైస్లీ అనే కుర్రాడు ఉండేవాడు. గని ఊరిలో పుట్టి తాపీ పని నేర్చుకుంటున్న అతణ్ని, మరీ పొట్టివాడని సండర్లాండ్ క్లబ్బు వద్దంది. అమెచ్యూర్ కప్పు గెలిచిన కొద్ది వారాలకే, 1939 మేలో అతను లివర్‌పూల్‌లో చేరాడు. తర్వాత అదే క్లబ్బుకు మేనేజరై ఆరు లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్పులు తెచ్చాడు.

క్లబ్బు స్వర్ణయుగం రెండో ప్రపంచయుద్ధం తర్వాతి పన్నెండేళ్లు. దానికి కేంద్రం బాబ్ హార్డిస్టీ. హాఫ్ బ్యాక్ స్థానంలో ఆడుతూ ఆట వేగాన్ని తన చెప్పుచేతల్లో ఉంచుకోగల ఆటగాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ జట్టుకు అతనే నాయకుడు, మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ మాట్ బస్బీ శిక్షకుడు. ఆ పోటీల్లో చాలామంది ఉత్తకాళ్లతో ఆడిన భారత జట్టు రెండు పెనాల్టీలు చేజార్చుకొని 2-1తో ఫ్రాన్స్ చేతిలో ఓడింది. అదే ఫ్రాన్స్‌ను తర్వాతి మ్యాచ్‌లో బ్రిటన్ 1-0తో ఓడించింది. ఆ ఒక్క గోల్ హార్డిస్టీదే.

అమెచ్యూర్ కప్పు ఫైనల్‌ను 1949 నుంచి వెంబ్లీ స్టేడియానికి మార్చారు. జీతం లేని ఆటకు లక్ష మంది జనం రావడం ఆ దశాబ్దపు విశేషం. బిషప్ ఆక్లాండ్‌కు మాత్రం వెంబ్లీ మొదట్లో అచ్చిరాలేదు. 1950లో విల్లింగ్టన్ 4-0తో, 1951లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ఆటగాళ్లతో కూడిన పెగసస్ 2-1తో ఓడించాయి. 1954లో ఎదురుపడింది ఐదారు మైళ్ల దూరంలోని క్రూక్ టౌన్. మ్యాచ్ మొదట్లోనే బిషప్స్ ఆటగాడు జిమ్మీ నిమిన్స్ కాలు విరిగింది. మారు ఆటగాణ్ని దించే నియమం అప్పట్లో లేదు కనుక మిగతా ఆటంతా పదిమందే ఆడారు. అదనపు సమయం ముగిసినా 2-2. న్యూకాజిల్‌లో రీప్లే కూడా 2-2. మిడిల్స్‌బరోలో జరిగిన మూడో మ్యాచ్‌లో క్రూక్ 1-0తో గెలిచింది. పక్కపక్క గని ఊళ్ల తగాదాను మూడు మైదానాల్లో కలిపి దాదాపు రెండు లక్షల మంది చూశారు.

ఆ తర్వాతి మూడేళ్లు క్లబ్బువే. 1955లో హెండన్ మీద 2-0, 1956లో కొరింథియన్-క్యాజువల్స్ మీద రీప్లేలో 4-1, 1957లో వికమ్ వాండరర్స్ మీద 3-1. వరుసగా మూడుసార్లు అమెచ్యూర్ కప్పు గెలిచిన క్లబ్బు ఇదొక్కటే. జీతగాళ్లతో పోటీపడే ఎఫ్.ఎ. కప్పులో కూడా 1954-55లో క్రిస్టల్ ప్యాలెస్‌ను వారి మైదానంలో 4-2తో, ఇప్స్‌విచ్ టౌన్‌ను రీప్లేలో 3-0తో ఓడించి నాలుగో రౌండ్ దాకా వెళ్లింది. అక్కడ యార్క్ సిటీ 3-1తో ఆపింది.

ఇంత మంచి ఆటగాళ్లు జీతం వద్దని చిన్న ఊరిలో ఎందుకు ఉండిపోయారన్న ప్రశ్నకు జవాబు నాటి జీతాల పట్టికలో ఉంది. ఇంగ్లండ్‌లో జీతగాడికి వారానికి ఇంతకుమించి ఇవ్వరాదన్న పరిమితి ఉండేది. 1961లో ఎత్తేసేనాటికి అది 20 పౌండ్లు. ముప్పై అయిదేళ్లకు ఆట ముగిశాక ఆ జీతగాడికి చేతిలో వేరే పని ఉండేది కాదు. బడి పంతులుగానో వ్యాపారిగానో స్థిరపడి, శనివారం ఆడుకునేవాడికి అంతకంటే నష్టమేమీ లేదు. గోల్ కీపర్ హ్యారీ షారట్, వింగర్ వారెన్ బ్రాడ్లీ పంతుళ్లే. షేమస్ ఓకానెల్ ఒకవైపు బిషప్ ఆక్లాండ్‌కు ఆడుతూనే మరోవైపు 1954-55లో ఇంగ్లండ్ ఛాంపియన్ అయిన చెల్సీకి జీతం లేకుండా ఆడాడు. చెల్సీ తరఫున మొదటి మ్యాచ్‌లోనే మూడు గోల్స్ కొట్టాడు.

సొంత మైదానం కింగ్స్‌వే కూడా ఈ కాలక్షేపపు ఆటకు తగ్గట్టే ఉండేది. అది ఊరి క్రికెట్ క్లబ్బుతో పంచుకున్న స్థలం. మూడు వైపుల స్టాండ్లు, గట్లు. నాలుగో వైపు క్రికెట్ మైదానం కావడంతో శాశ్వత కట్టడమేదీ ఉండేది కాదు. అలాంటి చోట 1952 డిసెంబరులో కోవెంట్రీ సిటీతో ఎఫ్.ఎ. కప్పు మ్యాచ్‌కు 17,000 మంది వచ్చారు. ఒక మంచు రోజు ఆట ఏకపక్షంగా సాగుతుంటే, పని లేని షారట్ గోల్ దగ్గర మంచుబొమ్మ చేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో మాంచెస్టర్ యునైటెడ్ విమానం కూలి 23 మంది చనిపోయారు. వారిలో ఎనిమిదిమంది ఆటగాళ్లు. మిగిలినవారితో యునైటెడ్ మొదటి జట్టును నిలబెట్టింది కానీ రిజర్వు జట్టు ఖాళీ అయింది. ఆ లోటు పూడ్చడానికి బిషప్ ఆక్లాండ్ నుంచి ముగ్గురు వెళ్లారు: హార్డిస్టీ, డెరెక్ లెవిన్, బ్రాడ్లీ. హార్డిస్టీకి అప్పటికి 37 ఏళ్లు; 1957 ఫైనల్ తర్వాత ఆట మానేసి ఉన్నాడు. బ్రాడ్లీ యునైటెడ్‌లోనే ఉండిపోయి మొదటి జట్టుకు ఎదిగాడు. 1959లో ఇంగ్లండ్ పూర్తిస్థాయి జట్టుకు మూడు మ్యాచ్‌లు ఆడి రెండు గోల్స్ చేశాడు. ఆట ముగిశాక మళ్లీ బడికే తిరిగివెళ్లాడు.

1957 తర్వాత క్లబ్బు మళ్లీ అమెచ్యూర్ ఫైనల్ చేరలేదు. కారణాలు మైదానం బయట ఉన్నాయి. జీతాల పరిమితి పోగానే ఫుల్హామ్ ఆటగాడు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు వచ్చాయి. ఇక జీతం వద్దనేవాడు అరుదయ్యాడు. 1964లో బీబీసీ ‘మ్యాచ్ ఆఫ్ ది డే’ మొదలై పెద్ద క్లబ్బుల ఆట ఇంట్లోకే వచ్చింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ గనులది. 1951లోనే డరమ్ కౌంటీ మండలి వందకు పైగా గని పల్లెలను ‘డి’ వర్గంలో చేర్చి, వాటి మీద కొత్తగా పైసా పెట్టరాదని నిర్ణయించింది. తర్వాతి ఇరవై ఏళ్లలో పశ్చిమ డరమ్ గనులు మూతపడ్డాయి. జట్టుకు ఆటగాళ్లను, గట్ల మీదికి జనాన్ని పంపిన పల్లెలు పలచబడ్డాయి.

1974లో ఫుట్‌బాల్ అసోసియేషన్ అమెచ్యూర్, ప్రొఫెషనల్ తేడానే రద్దు చేసింది. ఆ ఏడాదితో అమెచ్యూర్ కప్పు కూడా ముగిసింది. ఏ నియమాల మధ్య బిషప్ ఆక్లాండ్ పెద్ద క్లబ్బు అయిందో ఆ నియమాలే లేకుండాపోయాక, అది చిన్న ఊరి క్లబ్బుల్లో ఒకటిగా మిగిలింది. నార్తర్న్ లీగ్‌ను 19 సార్లు గెలిచిన ఈ క్లబ్బు 1988లో ఒక అంచె పైనున్న నార్తర్న్ ప్రీమియర్ లీగ్‌కు మారింది. 2001లో కింగ్స్‌వే వదులుకొని, కొత్త మైదానం చేతికొచ్చేదాకా తొమ్మిదేళ్లు పొరుగు ఊళ్లలో అద్దెకు ఆడింది. ఆ మధ్యలోనే, 2006లో కిందికి జారి నార్తర్న్ లీగ్‌లోకి తిరిగివచ్చింది. 2010లో ఊరి అంచున హెరిటేజ్ పార్క్ అనే సొంత మైదానం తెరుచుకుంది. రెండు నీలాల చొక్కాలు ఇప్పుడు అక్కడే ఆడుతున్నాయి.