మూడు రోకళ్ళ కరెంటు

మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరపకాయలు ఎండే రోజులొచ్చాయంటే ఇంటింటా ఒకటే ధ్యాస - ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవడం. ఇప్పుడైతే మరకు పంపిస్తే కాసేపట్లో పని అయిపోతుంది. అమ్మమ్మల కాలంలో అలా ఎక్కడ? రోట్లో కాయలు పోసి, చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి, మూడు రోకళ్ళతో ఒకరి తర్వాత ఒకరు పోటు వేసేవారు. ముక్కుకి కొంగు చుట్టుకున్నా తుమ్ములు తప్పేవి కావు. రాత్రికి అరచేతులు భగభగా మండేవి.

నన్నడిగితే త్రీ ఫేజు కరెంటంటే అదేనండీ! ఒక్కరే దంచుతుంటే పోటుకీ పోటుకీ మధ్య రోలు ఖాళీ. ఇంట్లో దీపాలకొచ్చే సింగిల్ ఫేజు అలాంటిదే. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతూ, మధ్య మధ్య సున్నాకి దిగి లేస్తుంది. మూడు ఫేజులుంటే ఒకటి దిగేసరికి ఇంకొకటి అందుకుంటుంది. పోటు తెగదు. అందుకే ఎంత బరువు మరనైనా మోటారు తడబడకుండా తిప్పుతుంది.

ఈ ఉపాయం ఈనాటిది కాదు. దొలివో-దొబ్రొవోల్‌స్కీ అనే ఇంజనీరు జర్మనీలోని ఎ.ఇ.జి. కంపెనీలో పనిచేస్తూ 1889లో మూడు ఫేజుల మోటారు తయారు చేశాడు. 1891లో లౌఫెన్ దగ్గర నది నీటితో పుట్టించిన కరెంటును 175 కిలోమీటర్ల అవతల ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకు చేర్చారు. జనం నోళ్ళు తెరుచుకు చూశారంటే ఆశ్చర్యమేముంది?

మన కోస్తాకు పెద్ద ఎత్తున కరెంటు రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలైంది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్తు బోర్డు ఏర్పడింది. 1969లో కేంద్రప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టింది. పల్లెకు మూడు ఫేజుల తీగలు లాగింది ముఖ్యంగా పొలం మోటార్ల కోసమే. వాటి వెనకాలే పిండిమరా, కారం మరా ఊళ్ళోకొచ్చాయి. అంతకుముందు ఆయిలింజన్ మరలు లేకపోలేదు గానీ, మీట నొక్కితే తిరిగే మర ముందు అవెంత?

ఎకరాలకూ పంపుసెట్లకూ లెక్కలు రాశారు. మూలకు చేరిన రోకళ్ళకు లెక్క ఎవరు రాస్తారు? మన చేతుల మంట తగ్గింది, నిజమే. కానీ కూలికి దంచి పొట్టపోసుకునే ఆడవాళ్ళ చేతిలో పని కూడా ఆ మరే లాగేసుకుంది. రోకలి ఆడదాని చేతిలో ఉండేది. మర మాత్రం మగవాడి సొంతమైంది!

ఇప్పుడు ఇంటి వసారాలోనే చిన్న కారం మర పెట్టుకుని నాలుగు డబ్బులు సంపాదిద్దామనుకునే ఇల్లాళ్ళున్నారు. వాళ్ళకు మొదటి గడప త్రీ ఫేజు సర్వీసు. మోటారు ఎన్ని హార్స్‌పవరో చెప్పాలి, డిపాజిట్టు కట్టాలి, స్తంభం దూరమైతే లైను ఖర్చూ చూసుకోవాలి. పోనీ, ఇంటి మీటరు మీదే గుట్టుగా తిప్పేద్దామా అంటే, 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను ఊరుకోదు. రెండింతల రేటు వేస్తుంది.

అదే చట్టంలో మనకు పనికొచ్చే మాట కూడా ఒకటుంది. 43వ సెక్షను ప్రకారం ఆ చోటు సొంతదారే కాదు, అందులో ఉంటున్నవారు అడిగినా కరెంటు ఇవ్వాలి. మన ఇళ్ళలో దస్తావేజులు ఎవరి పేరున ఉంటాయో మీకు వేరే చెప్పాలా? ఇల్లు తన పేరున లేని ఇల్లాలు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చన్నమాట!

గుజరాత్‌లో 2003లో జ్యోతిగ్రామ్ పథకం మొదలుపెట్టి, పొలాల లైన్లను ఊళ్ళ లైన్ల నుంచి విడదీశారు. దాంతో ఊళ్ళకు రోజంతా త్రీ ఫేజు అందింది. చిన్న మరలకు అంతకన్నా ఏం కావాలి?

కాబట్టి అమ్మాయిలూ, మర పెట్టాలనుకుంటే ఆ దరఖాస్తు మీ పేరునే పెట్టండి. మోటారును వాళ్ళు తిప్పినా సరే, మీటరు మాత్రం మీ పేరున తిరగనివ్వండి.