ఫోన్‌కి మళ్ళీ బటన్లు వచ్చిన కథ

ఈ వారం నా విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. ఫోన్‌కి రెండు పక్కలా తగిలించుకుని ఆటలాడే గేమ్ కంట్రోలర్ చరిత్ర. ఈ వయసులో నీకెందుకయ్యా అంటారా? వేరే ఊళ్ళో ఉండే మా మనవడు శనివారం సాయంత్రం ఓ గంట నాతో కార్ల పందెం ఆడతాడు. మామూలుగా ఫోన్ చేస్తే "బాగున్నా తాతయ్యా" అని వాళ్ళమ్మకిచ్చేసే పిల్లాడు, ఆటలో ఉంటే స్కూలు సంగతులన్నీ తనే చెప్తాడు. చిక్కల్లా నా బొటనవేలితోనే. అద్దం మీద జారిపోయేది. "తాతయ్యా, మళ్ళీ గోడకి గుద్దేశావా!" అనేవాడు. రెండు వారాలు వాడే ఆట మానేశాడు కూడా.

ఇక చరిత్రకొస్తాను. 1982లో నింటెండోలో గుంపెయి యోకోయ్ అనే ఆయన డాంకీ కాంగ్ అనే ఆటని చేతిలో పట్టేటట్టు తయారుచేశారు. పుస్తకంలా మడిచి జేబులో పెట్టుకునేది. దానికి జాయ్‌స్టిక్ పెడితే పైకి పొడుచుకొస్తుంది, మూత పడదు. అందుకని కూడిక గుర్తు ఆకారంలో చదునైన మీట ఒకటి పెట్టారు. బొటనవేలు ఆనిస్తే చాలు, చూడకుండానే నాలుగు దిక్కులూ తెలుస్తాయి. 1983లో ఫ్యామికామ్‌కీ, 1989లో గేమ్ బాయ్‌కీ అదే మీట. ఈనాటి కంట్రోలర్ల మీద కూడా అదే ఉంది, చూడండి.

ఫోన్లలో ఆట అనగానే మనకి నోకియా పాము గుర్తొస్తుంది. 1997లో 6110 మోడల్‌తో వచ్చింది. 2, 4, 6, 8 అంకెలతో తిప్పేవాళ్ళం. 2003లో నోకియా వాళ్ళే ఆటల కోసమని ఎన్-గేజ్ తెచ్చారు. ఆట మార్చాలంటే బ్యాటరీ ఊడదీయాలి, మాట్లాడాలంటే ఫోన్‌ని అంచు మీద చెవికి ఆనించుకోవాలి! ఎవరు కొంటారండీ?

2007లో స్టీవ్ జాబ్స్ ఐఫోన్ చూపిస్తూ, మిగతా ఫోన్ల ప్లాస్టిక్ బటన్లు అవసరం ఉన్నా లేకపోయినా అక్కడే తిష్ట వేసుకుంటాయని తప్పుపట్టారు. ఆ మాట నిజమే. కానీ ఆటలో మనకి కావలసింది సరిగ్గా అదే. బటన్ ఉన్నచోటే ఉండాలి, వేలికి తగలాలి. అద్దం మీద గీసిన బటన్‌కి అంచు లేదు. పైగా మన వేలే తెరని కప్పేస్తుంది.

2011లో సోనీ ఎరిక్సన్ వాళ్ళు ఎక్స్‌పీరియా ప్లే అని, కింద నుంచి బటన్లు జరిగొచ్చే ఫోన్ తెచ్చారు. నిలవలేదు. 2013లో ఐఓఎస్ 7 వచ్చాక ఆపిల్ కంట్రోలర్లకి ఒక పద్ధతి ఏర్పరచింది. ఆ రోజుల్లోనే నేనూ వంద డాలర్లు పోసి ఒకటి కొన్నాను, కంపెనీ పేరెందుకులెండి. అది ఒకే కొలత ఫోన్‌కి అచ్చు పోసినట్టుంటుంది. 2014లో ఫోన్లు పెద్దవయ్యాయి. నా వంద డాలర్లు సొరుగులోకి వెళ్ళాయి. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తుతూ ఉంటుంది.

ఆ తప్పు దిద్దింది, మధ్యలో సాగే పట్టీ. చిన్న ఫోనైనా పెద్దదైనా లాగి బిగిస్తే సరి. 2020లో వచ్చిన రేజర్ కిషి, బ్యాక్‌బోన్ వన్ అలాంటివే. బ్లూటూత్ కాకుండా ఫోన్ ఛార్జింగ్ రంధ్రంలోకే దూరతాయి కనుక, నొక్కడానికీ కారు తిరగడానికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది, వేరే బ్యాటరీ గొడవా లేదు. ఆ ఏడాదే ఎక్స్‌బాక్స్ ఆటలు ఇంటర్నెట్ మీదుగా ఆండ్రాయిడ్ ఫోన్లకి రావడంతో వీటికి గిరాకీ పెరిగింది. 2023లో ఐఫోన్ 15కి కూడా యూఎస్‌బీ-సీ వచ్చాక, ఏ ఫోన్‌కి ఏది కొనాలన్న తికమక చాలావరకు పోయింది. కొనేవాళ్ళు మాత్రం, మీరాడే ఆట కంట్రోలర్‌ని గుర్తిస్తుందో లేదో ముందే చూసుకోండి. అన్నీ గుర్తించవు.

పోయిన శనివారం ఇరవై పందేల్లో మూడు గెలిచాను. వాడు కావాలని ఓడాడేమోనని అనుమానం. అడిగితే నవ్వాడు, తర్వాత సైన్స్ టీచర్ మారిన సంగతి చెప్పడం మొదలెట్టాడు.