తుపాకి ఎవరికి అమ్మాలి?

1922 ఆగస్టు 22న సీతారామరాజు దళం చింతపల్లి స్టేషన్ మీద పడింది, తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. మొత్తం 26 తుపాకులు దొరికినయి. స్టేషన్‌కే ఎందుకు పోయిన్రు అని మనం అడగం. దుకాణంలో కొననియ్యరు కాబట్టే!

1878 ఆయుధ చట్టం లైసెన్సు అడిగేది. మొదట్లో రూల్స్ యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చినయి. అంటే దొరకి కాగితం లేకున్నా అమ్మొచ్చు, మనోడు పైసలు పెట్టినా అమ్మొద్దు.

1959 చట్టంలో ఆ తేడా లేదు. కొనేటోడికి హక్కుందో లేదో చూడకుండా ఇస్తే, 29వ సెక్షన్ కింద అమ్మినోడికే శిక్ష. అందుకే డీలర్ మనిషి కంటే ముందు లైసెన్సు చూస్తడు. అది సబబే.

కానీ మా కోహీర్ పక్కనున్న కర్ణాటకలో, కొడగు కొడవలకు 1861లో తెల్లోళ్లు విధేయతకు మెచ్చి ఇచ్చిన మినహాయింపు ఇంకా నడుస్తుంది. తిరగబడ్డ మన్యానికి అట్లాంటిది రాలే.