గుర్తుల కథ

1951–52లో మన దేశమున మొదటి సాధారణ ఎన్నికలు జరిగిననాటికి నూటికి 18 మందికే చదువు వచ్చి ఉండెను. కనుక ఒక్కొక్క అభ్యర్థికి వేరుగా పెట్టె నుంచి, దానిపై గుర్తు అంటించిరి: కాంగ్రెసుకు కాడి ఎద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి. కర్నూలు జిల్లా కోడుమూరు వంటి మెట్టసేద్యపు ఊళ్లలో కాడి ఎద్దు లెట్టివో ఒకరు చెప్పవలెనా?

చదువక, చూచి గుర్తుపట్టు ఈ ఉపాయమే 1981లో కంప్యూటరు తెరకును ఎక్కినది. జిరాక్సు వారి ‘స్టార్’ యంత్రము కాగితము, ఫైలు, తపాలా పెట్టెల బొమ్మలను చూపెను. 2007లో ఐఫోనుతో అట్టి బొమ్మలు నేరుగా వ్రేలి క్రిందికి వచ్చినవి.

నేడు కోడుమూరు అంగళ్లలో కనబడు ఫోన్‌పే గుర్తును చూడుడు. ఊదారంగుపై తెల్లని ‘పే’. అది దేవనాగరి అక్షరము. హిందీ రానివారును దానిని ఇట్టే గుర్తింతురు. వారికి అది అక్షరము కాదు, బొమ్మయే. అయితే గుర్తు బాగున్నందుననే యాప్ వ్యాపించెననుట పొరపాటు. 2016లో ఇన్‌స్టాగ్రామ్ తన పాత కెమెరా బొమ్మను మార్చగా చాలమంది గొణిగిరి, కాని వాడుట మానలేదు. పంపిన డబ్బు చేరినప్పుడే గుర్తుపై నమ్మకము కుదురును.

ఆ నమ్మకమునే మోసగాండ్రు దొంగిలించుచున్నారు. ఎన్నికలలో ఒకే చోట ఇద్దరికి ఒకే గుర్తు రాకుండ 1968 నాటి గుర్తుల ఉత్తర్వు కాపాడుచున్నది. ఫోనులో మాత్రము, అదే రంగు, అదే బొమ్మ తగిలించుకొన్న దొంగ యాప్ అసలుదాని ప్రక్కనే కూర్చుండగలదు.