వృద్ధాప్య భృతియు, పొరుగు రాష్ట్రముల తెలుగు వృద్ధులును

వార్ధక్యమున దిక్కులేనివారిని పోషించు భారము పూర్వము కుటుంబముపైనను, గ్రామముపైనను, ధర్మసంస్థలపైనను ఉండెడిది. కాకతి రుద్రమదేవి కాలమునాటి మల్కాపుర శాసనమున (1261) గోళకీ మఠమునకు అనుబంధముగా అన్నసత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల పేర్కొనబడినవి. చెన్నపట్టణమున 1782 కరవుకాలమున పేదలకు గంజి పోయుటకై వెలసిన మోనెగార్ సత్రము తరువాతి కాలమున నిరాశ్రయులైన వృద్ధులకు నీడయైనది. తెలుగు ప్రభువులైన వేంకటగిరి రాజాల పేర నడచిన సత్రము దానితో జతపడినది. ఇట్టి ధర్మములు గొప్పవే. కాని అవి దాత దయపై ఆధారపడినవి. వృద్ధుడు చేయి చాపుటయే గాని, తనకు రావలసినదని అడుగుటకు వీలు లేకుండెను.

ఆ భావమును మార్చినది రాజ్యాంగము. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగమందలి 41వ అధికరణము, వార్ధక్యమున ప్రజలకు సహాయము కల్పించుట, తన ఆర్థిక శక్తికి లోబడి, రాజ్యము చేయవలసిన పనులలో ఒకటియని నిర్దేశించెను. న్యాయస్థానమున అమలు జరిపించుకొనదగిన హక్కు కాకపోయినను, పాలనకు అది మార్గదర్శకమైనది. 1957లో ఉత్తర ప్రదేశమును, 1962లో మద్రాసు రాష్ట్రమును వృద్ధాప్యపు పింఛనులను ప్రారంభించెను. కేంద్ర ప్రభుత్వము 1995 ఆగస్టు 15న జాతీయ సాంఘిక సహాయ కార్యక్రమమును నెలకొల్పి, 65 ఏండ్లు నిండిన నిరుపేదలకు నెలకు 75 రూపాయలు ఒసగెను. 2007లో ఆ పథకమునకు ఇందిరాగాంధి పేరు పెట్టి, దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికెల్ల వర్తింపజేసిరి. 2011లో అర్హత వయస్సు 60కి తగ్గినది. అప్పటినుండి కేంద్రపు వాటా 79 ఏండ్ల వరకు నెలకు 200, 80 నిండినవారికి 500 రూపాయలు. మిగిలినది రాష్ట్రములు తమ శక్తికొలది చేర్చుచున్నవి.

రాష్ట్రమును బట్టి భృతి మారుటచేతనే సరిహద్దుల చరిత్ర ఇచట ప్రస్తావనకు వచ్చుచున్నది. 1936లో ఒడిశా ఏర్పడినపుడు బరంపురము, పర్లాకిమిడి అందు చేరినవి. 1953లో బళ్లారి మైసూరు పాలయ్యెను. 1956 పునర్వ్యవస్థీకరణ తరువాతను హోసూరు తెలుగువారు తమిళనాటనే నిలిచిరి. సిరొంచ 1960లో మహారాష్ట్రములోని భాగమైనది. షోలాపురపు మగ్గములకై వెడలిన పద్మశాలీలు తరతరములుగా అచటనే ఉన్నారు. యానాము ఫ్రెంచివారి చేతినుండి 1954లో భారతదేశమునకు వచ్చినను, పుదుచ్చేరి పాలనలోనే ఉన్నది. వీరిలో పెక్కురు తమ ఊరు విడువలేదు. గీత మాత్రము వారి ఊరి మీదుగా సాగినది.

దీని ఫలము వృద్ధాప్యమున కనబడును. 2024లో ఆంధ్రప్రదేశ్ వృద్ధుల పింఛనును 4,000 రూపాయలకు పెంచెను. తమిళనాట అది 2023లో 1,200 అయినది. కర్ణాటకమున సంధ్యా సురక్ష, ఒడిశాలో 2008 నాటి మధుబాబు పింఛను, మహారాష్ట్రమున శ్రావణబాళ పథకము ఉన్నవి. అర్హతలు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధము. కావున సరిహద్దునకు ఆవల బంధువు పొందు మొత్తమును చూచి ఇచట ఆశించుట వ్యర్థము. అయితే ఒక సత్యము గుర్తింపదగినది: ఈ భృతులు నివాసమును బట్టి వచ్చును, మాతృభాషను బట్టి కాదు. హోసూరు తెలుగు వృద్ధురాలు తమిళనాటి పౌరురాలు. ఆ రాష్ట్రపు పింఛను ఆమెది.

అయినను అర్హతకును, చేతికందుటకును నడుమ భాష అడ్డు నిలుచుచున్నది. దరఖాస్తు రాష్ట్రభాషలో నుండును. అంతకన్న పెద్ద చిక్కు పేరు. తెలుగువారు ఇంటిపేరు ముందు వ్రాయుదురు. తమిళనాట తండ్రి పేరి తొలి అక్షరము ముందు చేర్తురు. మహారాష్ట్రమున ఇంటిపేరు చివర వచ్చును. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరము. ఇట్లు ఒకే వ్యక్తి పేరు రేషను కార్డులో ఒక తీరున, ఆధారులో మరియొక తీరున, బ్యాంకు పుస్తకమున వేరొక తీరున పడును. వివాహముతో ఇంటిపేరు మారిన స్త్రీకి, అందును వితంతువునకు, ఈ బాధ అధికము. కాగితమున ఇరువురుగా కనబడిన మనిషికి భృతి ఆగును.

వయస్సు నిరూపణమునకు కేంద్ర నిబంధనలు జన్మపత్రమును, పాఠశాల పత్రమును ముందు చెప్పి, అవి లేనిచో రేషను కార్డు, ఓటరు కార్డు చాలుననియు, ఏదియు లేనిచో ప్రభుత్వ వైద్యాధికారి ధ్రువీకరణ చాలుననియు వెసులుబాటు కల్పించినవి. చదువుకొనని వృద్ధునకు ఇదియొక ఊరట. భాష విషయమున రాజ్యాంగపు 350వ అధికరణము, ఆ రాష్ట్రమున గాని కేంద్రమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను తన కష్టమును గూర్చి అధికారికి విన్నవించుకొను హక్కు ప్రతి వ్యక్తికి ఒసగుచున్నది. 1956లో చేర్చబడిన 350-బి అధికరణము భాషాల్పసంఖ్యాకుల రక్షణలను పరిశీలింప ప్రత్యేకాధికారిని నియమింపజేసినది. ఈ రెండు సాధనములు సరిహద్దుల తెలుగువారు ఎరిగియుండవలసినవి.

పింఛనుతోనే సేవలు ముగియవు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము ప్రకారము పిల్లలు ఆదరింపనిచో న్యాయవాది లేకయే ప్రత్యేక న్యాయమండలిని ఆశ్రయింపవచ్చును. 14567 అను ఉచిత టెలిఫోను సంఖ్య 2021లో దేశమంతట ప్రారంభమైనది. 70 ఏండ్లు నిండినవారికి, ఆదాయముతో నిమిత్తము లేక, ఆసుపత్రి చికిత్సకై ఏడాదికి 5 లక్షల రూపాయల మేర రక్షణను కేంద్రము 2024 అక్టోబరున ప్రారంభించెను.

పూర్వులు సత్రములు కట్టిరి. నేటి వృద్ధునకు కావలసినది అన్నముతోపాటు అక్షరము. తెలుగు సంఘములును, తెలుగు బడులును వారమునకొక పూట వృద్ధుల కాగితములను సరిచూచి, పేరు అంతట ఒకే తీరున వ్రాయించి, రాష్ట్రభాష నేర్చిన యువకునిచే దరఖాస్తు పూరింపజేసినచో, అది సత్రధర్మమునకు తీసిపోదు. తాత తెలుగును మనుమనికి నేర్పెను. మనుమడు తాను నేర్చిన రాష్ట్రభాషతో తాత ఋణమును తీర్చుకొనవచ్చును.