ఎస్సెంపీఎస్ పోయిందా? కరెంటుని తిట్టకండి

అమెరికాలో దాన్ని పవర్ సప్లై అంటారు. మన దగ్గర కంప్యూటర్ అసెంబుల్ చేసే కుర్రాడి నుంచి ఇంట్లో అమ్మ దాకా అందరూ ఎస్సెంపీఎస్ అనే అంటారు. నన్నడిగితే మన మాటే మేలు. స్విచ్డ్ మోడ్ పవర్ సప్లై అన్న ఆ పేరులో దాని చరిత్రా ఉంది, దాని రోగమూ ఉంది.

పాతకాలం పద్ధతిలో ఓ బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మరూ, ఎక్కువైన వోల్టేజీని వేడిగా తగలేసే రెగ్యులేటరూ ఉండేవి. స్విచింగ్ పద్ధతి వేరు. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని ముందు 325 వోల్టుల దాకా డీసీ చేస్తుంది. దాన్ని ట్రాన్సిస్టర్లతో సెకనుకి పదుల వేల సార్లు ఆపుతూ వేస్తూ ముక్కలు చేస్తుంది. అంత వేగంలో అయితే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. కానీ ఆ ముక్కల్ని మళ్ళీ నున్నగా చేసి 12, 5 వోల్టులుగా అందించే చాకిరీ చివర్లో ఉండే కెపాసిటర్ల నెత్తిన పడింది. అసలు కథ అక్కడే మొదలైంది.

1960లలో ఇది ఉపగ్రహాలు, క్షిపణులు లాంటి, ఖర్చుకి వెనకాడని చోట్ల ఉండేది. 1970లో రాబర్ట్ బోషర్ట్ అనే ఆయన తన వంటింటి బల్ల మీద వీటిని చవగ్గా చెయ్యడం మొదలెట్టాడు. (ఇంట్లో ఆ పెట్టె విప్పడమేంటని అడిగేవాళ్ళకి నేను చెప్పే జవాబు ఇదే, చవక స్విచింగ్ సప్లై మొదలైందే వంటింట్లో అని!) 1977లో ఆపిల్ 2 వచ్చింది. స్టీవ్ జాబ్స్‌కి ఫ్యాన్ చప్పుడు పడదు కాబట్టి రాడ్ హోల్ట్ దానికి వేడెక్కని స్విచింగ్ సప్లై చేసిచ్చాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి కంప్యూటరూ హోల్ట్ డిజైన్ని కొట్టేసిందేనని జాబ్స్ అన్నట్టు ఐజాక్సన్ 2011లో రాసిన జీవితచరిత్రలో ఉంటుంది. నేను ఒప్పుకోను. 1970లలో అధిక వోల్టేజీ తట్టుకునే వేగమైన ట్రాన్సిస్టర్లూ, వాటిని నడిపే కంట్రోల్ చిప్పులూ చవకయ్యాయి. హోల్ట్ లేకపోయినా ఇది వచ్చేదే. 1981 ఐబీఎం పీసీలో 63.5 వాట్ల స్విచింగ్ సప్లై ఉంది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ఖరారు చేశాక ఎవరు పడితే వాళ్ళు ఈ పెట్టెలు చెయ్యడం మొదలెట్టారు, ధర పడిపోయింది.

ధర పడితే ముందు కోత పడేది కెపాసిటర్ మీదే. అల్యూమినియం కెపాసిటర్ లోపల ఎలక్ట్రోలైట్ ద్రవం ఉంటుంది. అందులో నీళ్ళ పాలు పెంచితే ఖర్చు తగ్గుతుంది, పనితీరూ బాగుంటుంది. కానీ నీళ్ళు అల్యూమినియాన్ని తింటాయి. తినకుండా ఆపే రసాయనాలు సరిగ్గా పడకపోతే లోపల హైడ్రోజన్ పుట్టి తల ఉబ్బుతుంది, చివరికి పగులుతుంది. 1999 తర్వాత కొన్నేళ్ళ పాటు ప్రపంచమంతా జరిగిందిదే. జపాన్ కంపెనీ ఫార్ములాని ఎవరో సగం సగం కాపీ కొట్టి తైవాన్ చేర్చారని 2002, 2003లలో పత్రికలు రాశాయి. అది రుజువు కాలేదు. పైగా డెల్ ఆప్టిప్లెక్స్ మదర్‌బోర్డుల్లో ఉబ్బిన కెపాసిటర్లు జపాన్ వాళ్ళ నిచికాన్ సరుకే. కాబట్టి "చైనా మాల్" అని చేతులు దులుపుకోడానికి లేదు.

ఆ డెల్ కథ 2010లో కోర్టు కాగితాలు బయటపడ్డాక న్యూయార్క్ టైమ్స్ రాసింది. టెక్సస్ యూనివర్సిటీ లెక్కల విభాగం వాళ్ళు మిషన్లు పోతున్నాయని మొరపెట్టుకుంటే, కష్టమైన లెక్కలు చేయించి మీరే మిషన్లని అలసగొట్టారని జవాబొచ్చిందట! కంప్యూటర్ చేత లెక్కలు చేయించడం నేరమన్నమాట.

మన ఊళ్ళలో ఆ నేరం కరెంటుది. 2005 ప్రాంతంలో హైదరాబాదులో నా అసెంబుల్డ్ మిషన్ ఆన్ చేస్తే ఫ్యాన్ ఓసారి కదిలి ఆగిపోయేది. షాపతను పెట్టె విప్పకుండానే "ఫ్లక్చుయేషన్ సార్, కొత్తది వేసి యూపీఎస్ తీసుకోండి" అన్నాడు. ఇంటికి తెచ్చి విప్పితే 5 వోల్టుల వైపు మూడు కెపాసిటర్లు పూరీల్లా పొంగి ఉన్నాయి. ఫ్యూజ్ నిక్షేపంగా ఉంది. కరెంటు దెబ్బకి సాధారణంగా పోయేది ఆ ఫ్యూజూ, దాని వెనక ట్రాన్సిస్టర్లూ. 5 వోల్టుల వైపు మూడు ఒకే తీరుగా ఉబ్బాయంటే అనుమానించాల్సింది కెపాసిటర్లనే. కోఠీ గుజరాతీ గల్లీలో 105 డిగ్రీల రకం, తక్కువ ఈఎస్ఆర్ ఉన్నవి అడిగి తెచ్చుకున్నాను. వోల్టేజీ రేటింగ్ ఎక్కువున్నా పర్లేదు గానీ తగ్గకూడదు. మైనస్ గీత ఎటుందో చూసుకుని టంకం వేస్తే మిషన్ లేచింది.

విప్పే ఉద్దేశం ఉన్నవాళ్ళకి ఒక్కమాట, నవ్వులాట కాదు. ప్లగ్ పీకేసినా ముందువైపు పెద్ద కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి ఉండిపోవచ్చు. కాసేపాగి, రెండు కొసల మధ్యా మల్టీమీటర్‌తో కొలిచి, మిగిలింది ఉంటే పాత ఫిలమెంట్ బల్బుకి దింపి, మళ్ళీ కొలిచాకే చెయ్యి పెట్టాలి. రిపేరయ్యాక మొదటిసారి సిరీస్ బల్బు మీద పెట్టి చూడాలి. మల్టీమీటర్ వాడ్డం రానివాళ్ళు కొత్తది కొనుక్కోండి, అందులో నామోషీ లేదు. వెనక ఎర్ర స్విచ్ ఉన్న పాతవాటిలో అది 230 మీదే ఉందో లేదో కూడా చూసుకోండి. అమెరికా నుంచి తెచ్చుకున్న మిషన్ 115 మీద ఉండగా మన ప్లగ్గులో పెడితే పెద్ద చప్పుడే మిగులుతుంది.

చాలామంది వదిలేసే చిన్న కెపాసిటర్ ఇంకోటుంది. చవక ఏటీఎక్స్ పెట్టెల్లో 5 వోల్టుల స్టాండ్‌బై సర్క్యూట్‌లో, ముందువైపు, వేలి గోరంత ఉంటుంది. మిషన్ ఆపినా గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ అది పని చేస్తూనే ఉంటుంది. అది ఎండిపోతే స్టాండ్‌బై వోల్టేజీ 5 దాటి పైకి పోయి మదర్‌బోర్డుని కూడా తీసుకుపోతుంది. ఉబ్బదు కాబట్టి కంటికి కనపడదు. పాత పెట్టె ఏది విప్పినా నేను ముందు మార్చేది దాన్నే.