మోకాళ్లమీద కూర్చుంటేనే కనిపించే ఆలిస్

ఎం.ఏ.లోనూ, ఆ తర్వాత పరిశోధనలోనూ ఏళ్ల తరబడి ఛాసర్‌ని చదివాను. ఆయన సృష్టించిన ‘వైఫ్ ఆఫ్ బాత్’ మీద పేజీలకు పేజీలు రాశాను. ఆ కవికి ఒక మనవరాలుందని, ఆమె ఒక చర్చిని కట్టించిందని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆమె పేరు ఆలిస్ ఛాసర్. ఆలస్యంగానైనా ఆమెను వెతుక్కుంటూ ఆక్స్‌ఫర్డ్‌కు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న యూఎల్మ్ అనే పల్లెకు వెళ్లాను.

దాన్ని ఛాసర్ల ఊరంటారు. నిజానికి ఆ భూమి కవి కొడుకు థామస్‌కి భార్య మటిల్డా బర్గర్ష్ వల్ల వచ్చింది. అది ఆమె పుట్టింటి ఆస్తి. ఊరికి మాత్రం మగవాడి ఇంటిపేరే మిగిలింది. ఆ దంపతుల సమాధి చర్చిలోని సెయింట్ జాన్ ప్రార్థనా మందిరంలో ఉంది. దాని మీద ఇత్తడి రేకుల్లో చెక్కిన ఇద్దరి బొమ్మలున్నాయి.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఆలిస్ 1404లో పుట్టింది. మొదటి భర్త 1415లో పోయేనాటికి ఆమెకు పదకొండేళ్లు. రెండో భర్త 1428లో ఓర్లియాన్స్ ముట్టడిలో పోయాడు. మూడో భర్త విలియం ద లా పోల్‌ని 1450లో సముద్రం మీద తల నరికి చంపారు. ఆ తర్వాత పాతికేళ్లు ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

1430లలో ఆలిస్, విలియం పాత గోపురాన్ని అలాగే ఉంచి మిగతా చర్చిని తిరిగి కట్టించారు. చెకుముకి రాయి, తెల్లరాయి గళ్లుగళ్లుగా పేర్చిన గోడలు, పైన ఇటుక పిట్టగోడ. పడమటి తలుపు దాటి మెట్లు దిగితే ధర్మశాల, దాని పక్కన బడి. 1437లో రాజానుమతి పొందిన ఆ ధర్మశాల పదముగ్గురు పేద మగవాళ్ల కోసం. దాతల ఆత్మశాంతికి ప్రార్థించడం వాళ్ల పని. పేద ఆడవాళ్లకు అందులో చోటు లేదు. స్థాపించినవాళ్లలో ఒక స్త్రీ ఉంది. ఈ విషయం దాటేసి ఆమెను పొగడలేను.

1466లో వింగ్‌ఫీల్డ్ నుంచి యూఎల్మ్‌కి తెచ్చుకున్న ఆమె సామాన్ల జాబితాలో పుస్తకాలూ ఉన్నాయి. వాటిలో ఎర్రతోలు అట్ట వేసిన ఒక ఫ్రెంచి పుస్తకం, క్రిస్టీన్ ద పిజాన్ 1405లో రాసిన ‘స్త్రీల నగరం’. తాత కథల్లో ఆడవాళ్ల గొంతు ఒక మగవాడు రాసింది. మనవరాలి ఇంట్లో, ఆడవాళ్ల మీద మోపిన నిందలకు ఒక స్త్రీ రాసిన జవాబు ఉంది.

ఆలిస్ 1475లో పోయింది. ఆమె అలబాస్టర్ సమాధి మీద డచెస్ కిరీటంతో, ఎడమ ముంజేతికి గార్టర్ పట్టీతో, చేతులు జోడించి పడుకున్న ప్రతిమ ఉంటుంది. సందర్శకులు దాన్నే చూస్తారు. మోకాళ్లమీద కూర్చుని అడుగున ఉన్న రాతి జాలీలోంచి తొంగిచూస్తే ఇంకో ఆలిస్ కనిపిస్తుంది. వాడిపోయిన ఒళ్లు, పైకి తేలిన ఎముకలు, సగమే కప్పిన శవవస్త్రం. ఆమె కళ్లకెదురుగా ఉన్న రాతి కప్పు మీద మేరీ మగ్దలీన్, బాప్తిస్మమిచ్చే యోహాను, మేరీకి దేవదూత కబురు తెచ్చిన దృశ్యం చిత్రించి ఉన్నాయి. వాటిని చూడాలంటే మనమూ నేలమీద పడుకోవాలి.

అధికారం, అందం నిలవవని గుర్తుచేయడానికే ఆ కాలంలో ఇలాంటి శవప్రతిమలు చెక్కించారంటారు పండితులు. అది నిజమే. కానీ నాకక్కడ మా అమ్మమ్మ గుర్తొచ్చింది. చివరి రోజుల్లో ఆమెకు నేనే స్నానం చేయించేదాన్ని. ఆ ముడతల ఒంటికేసి చూడ్డానికి మొదట్లో మొహమాటపడ్డాను. ఆమె పోయాక మేం గోడకు తగిలించింది నలభై ఏళ్లప్పటి ఫోటో. ఆ తర్వాతి నలభై ఏళ్ల అమ్మమ్మ మా ఇంట్లో ఎక్కడా లేదు.

యూఎల్మ్‌లో ఆ ముసలి ఒంటిని ఐదు వందల యాభై ఏళ్లుగా ఎవరూ తీసేయలేదు. కాకపోతే దాన్ని చూడాలంటే వంగాలి. ఆ మధ్యాహ్నం నేను చాలాసేపు వంగే ఉన్నాను.